వంశము – విషాదము

మార్టూరు ప్రాంతమున పెండ్లి సంబంధము వచ్చినప్పుడు పెద్దలు మొదట అడుగునవి పొలమును, చదువును, ఉద్యోగమును గూర్చిన ప్రశ్నలు. వానిని అందరి యెదుటను అడుగుదురు. చివరి ప్రశ్న మాత్రము అరుగు దిగిన తరువాత, మధ్యవర్తిని ప్రక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడుగుదురు: "వాళ్లింట్లో ఎవరికైనా మనసు బాగుండకపోవటం లాంటిదేమన్నా ఉందా బాబాయ్?"

అటేడు తరములు, ఇటేడు తరములు చూచుట మనకు క్రొత్త కాదు. అయితే ఈ చివరి ప్రశ్నకు సూటియైన సమాధానము దొరకుట అరుదు. చెప్పిన ఇంటివారు చెప్పినందుకు నష్టపోవుదురు. దాచిన ఇంటివారు పెండ్లియైన తరువాత దాచినందుకు నష్టపోవుదురు. అందువలన తల్లి నాలుగు నెలలు మంచము దిగని సంగతి "మోకాళ్ల నొప్పులు" అగును. పెదనాన్న అర్ధాంతరముగా పోయిన సంగతి "గుండెపోటు" అగును. పెండ్లి జరుగును. కోడలికి మొదటి కాన్పు తరువాత దిగులు పట్టినప్పుడు పుట్టింటివారు మౌనము వహింతురు, అత్తింటివారు మోసమందురు. నడుమ ఆ పిల్లకు వైద్యము చేయించుట ఎవ్వరికిని తోచదు.

ఇదే ప్రశ్న బడిలో మరియొక రూపమున వినబడును. నిన్నటివరకు చురుకుగా ఉన్న తొమ్మిదవ తరగతి పిల్లవాడు నెల దినములుగా వెనుక బెంచీలో తల వాల్చి కూర్చుండును. "వీళ్ల నాన్నా ఇంతేనండీ" అని ఉపాధ్యాయుల గదిలో ఎవరో అందురు. అన్నవారికి దురుద్దేశము లేదు. అయినను ఆ ఒక్క వాక్యముతో ఆ పిల్లవానికి రోగనిర్ణయమును, భవిష్యన్నిర్ణయమును రెండును జరిగిపోవును. ఈ మాటలో నిజమెంతయో తెలిసికొనుట పిల్లలతో పనియున్న ప్రతివారికిని అవసరము.

తెలుగులో ఈ బాధకు మాటలు తక్కువ కావు. బెంగకు కారణముండును: అత్తవారింటికి వచ్చిన పిల్లకు పుట్టింటిపై బెంగ, హాస్టలులో చేరిన పిల్లవానికి అమ్మపై బెంగ. దిగులునకు కారణము ఉండవచ్చును, లేకపోవచ్చును. విచారము నాలుగు దినములలో తగ్గును. వైద్యులు చెప్పెడి వ్యాధికి ఇప్పుడు పత్రికలలో స్థిరపడిన మాట కుంగుబాటు. మాట మంచిది. కుంగుట యనగా ఏమో మార్టూరువారికి నిఘంటువు చెప్పనక్కరలేదు. అక్కడి నల్లరేగడి నేల వానకు ఉబ్బును, ఎండకు నెర్రెలు విచ్చును. పునాది పైపైన వేసిన ఇల్లు కొన్నేండ్లకే ఒక మూలకు కుంగి, గోడ నిలువునా పగులును. పని తెలిసిన మేస్త్రి అదే నేలలో పునాది లోతుగా త్రవ్వి, నల్లమట్టి తీసివేసి, ఇసుక పోయించి ఇల్లు నిలబెట్టును. నేల ఒకటే, ఒక ఇల్లు కుంగెను, ఒక ఇల్లు నిలిచెను.

ఏ దుఃఖమైనను వ్యాధి కాదు. రెండు వారములకు తక్కువ కాకుండ రోజులో ఎక్కువ భాగము మనసు క్రుంగియుండుట, ఇష్టమైన పనులయందు గూడ రుచి పోవుట, నిద్రయు ఆకలియు తారుమారగుట, ఒంట్లో సత్తువ లేకపోవుట, ఎందుకును పనికిరాననిపించుట, బ్రతుకుపై ఆశ సన్నగిల్లుట — వీనిలో పెక్కు కలిసివచ్చి నిత్యకృత్యములకు అడ్డుపడినప్పుడే వైద్యులు కుంగుబాటు అందురు. పంట పోయిన రైతు రెండు పూటలు అన్నము తినకపోయినచో అది వ్యాధి కాదు, మనుష్యధర్మము. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015–16లో 12 రాష్ట్రములలో జరిపిన జాతీయ మానసికారోగ్య సర్వేలో, పెద్దలలో ఇరువదిమందికి ఒకరు జీవితమున ఎప్పుడో ఒకప్పుడు ఈ వ్యాధికి లోనైనట్లు తేలెను. ఆ పన్నెండింటిలో రెండు తెలుగు రాష్ట్రములలో ఒక్కటియు లేకపోవుట విచారింపదగిన విషయమే.

వంశమునందు వచ్చునా అను ప్రశ్న పాతది. మహాభారతము ఆదిపర్వమున వ్యాసునివలన కలిగిన ముగ్గురు కుమారుల కథ పిల్లలందరును ఎరిగినదే. తండ్రి ఒక్కడే. ఆయన రూపము చూచి వెరచి కన్నులు మూసికొన్న అంబికకు అంధుడును, తెల్లబోయిన అంబాలికకు పాండువర్ణుడును, వెరపు లేక సేవించిన దాసికి విదురుడును పుట్టిరి. బీజమొకటే యైనను ఫలము మూడు విధములు కావచ్చునని కథకుడు గుర్తించెను. అది గొప్ప విషయమే. కాని తేడాకు బాధ్యతనంతయు తల్లుల భయముపై మోపెను. ఆ అలవాటు మనలను ఇంకను వదలలేదు. పిల్లవాడు ముభావముగా ఉన్నచో మొదట వినబడునది తల్లి పేరే. గీతలో మొదటి అధ్యాయమునకు విషాదయోగమని పేరు. అచ్చట అర్జునుని విషాదమునకు కారణము వంశములోని రోగము కాదు, ఎదుట బారులు తీరి నిలిచిన వంశమే.

పడమటి దేశములలో ఈ ఊహ ఇంకను బలముగా నుండెను. 1621లో రాబర్ట్ బర్టన్ అను ఆంగ్లేయుడు విషాదముపై వ్రాసిన పెద్ద గ్రంథమున, తలిదండ్రులనుండి సంక్రమించుటను గూడ ఒక కారణముగా చెప్పెను. మన కళాశాలలలో పాఠముగా చదువుకొన్న హెమింగ్వే కథ అందరును ఉదాహరింతురు. ఆయన 1961లో తన ప్రాణము తాను తీసికొనెను. తండ్రి 1928లోనే అట్లు పోయెను. తరువాత ఒక చెల్లెలు, ఒక తమ్ముడు, 1996లో ఒక మనుమరాలు. ఇంతవరకు చెప్పి ఆపువారే పెక్కుమంది. అదే ఇంటి మరియొక మనుమరాలు, నటి మారియల్ హెమింగ్వే, ఆ వంశచరిత్రను దాచక 2013 నాటి డాక్యుమెంటరీ చిత్రమున లోకమునకు చెప్పి, మానసికారోగ్యము కొరకు పనిచేయుచున్నదన్న సంగతి కథలో చేరదు. వంశములను గూర్చి చెప్పునప్పుడు పోయినవారిని లెక్కపెట్టుదురు, నిలిచినవారిని లెక్కపెట్టరు.

ఒక ఇంట పలువురికి ఉన్నంత మాత్రమున అది రక్తములోనిదని చెప్పరాదు. తెలుగు భాషయు మన ఇండ్లలో తరతరములుగా వచ్చుచున్నది. అది రక్తములోనిది కాదు గదా! ఒకే కప్పు క్రింద పెరిగినవారికి జన్యువులును ఉమ్మడియే, కష్టసుఖములును ఉమ్మడియే. ఈ రెంటిని విడదీయుటకు శాస్త్రజ్ఞులు కవలలను ఆశ్రయించిరి. ఒకే అండమునుండి పుట్టిన కవలలకు జన్యువులు సంపూర్ణముగా ఒకటే. వేర్వేరు అండములనుండి పుట్టిన కవలలు జన్యువులలో మామూలు అన్నదమ్ముల వంటివారు. మొదటి రకమువారిలో ఒకరికి వ్యాధి వచ్చినప్పుడు రెండవవారికిని వచ్చుట, రెండవ రకమువారిలోకంటె ఎంత ఎక్కువయో చూచినచో జన్యువుల పాలు తెలియును.

2000లో పాట్రిక్ సల్లివాన్, మైకేల్ నీల్, కెన్నెత్ కెండ్లర్ అను అమెరికా పరిశోధకులు అంతవరకు జరిగిన మేలైన పరిశోధనలను ఒకచోట చేర్చి లెక్కించిరి. కుంగుబాటు విషయమున మనుష్యునకు మనుష్యునకు కనబడు తేడాలో సుమారు 37 శాతము జన్యువులకు సంబంధించినదని తేలెను. తలిదండ్రులలో గాని తోబుట్టువులలో గాని ఒకరికి వ్యాధి యున్నచో, లేనివారి కుటుంబములతో పోల్చినప్పుడు అవకాశము దాదాపు మూడింతలని కూడ తేలెను. 2006లో స్వీడన్‌లో 15 వేలకు పైబడిన కవల జంటలను పరిశీలింపగా స్త్రీలలో ఈ పాలు 42 శాతము, పురుషులలో 29 శాతము వచ్చెను.

మూడింతలనగానే గుండె ఝల్లుమనును. కొంచెము నిదానించి లెక్క వేయవలెను. ఇరువదిలో ఒకటి మూడింతలైనచో ఇరువదిలో మూడు. మిగిలిన పదునేడుగురి సంగతి మధ్యవర్తిని అడిగినవారికి ఎవ్వరు చెప్పవలెను? ఒక లెక్క మన దేశమునది, మరియొకటి పరాయి దేశములది గనుక ఇది స్థూలమైన గణితమే. అయినను తల్లికి కుంగుబాటు ఉన్న పిల్లలలో ఆ వ్యాధి రానివారే అధికసంఖ్యాకులను మాట ఈ స్థూలగణితమునకు కూడ తెలియుచున్నది.

ఇక 37 శాతమను మాట. చదువుకొన్నవారు గూడ ఇచ్చటనే పొరబడుదురు. ఒక మనిషి దిగులులో నూటికి ముప్పదియేడు పాళ్లు తండ్రిదనియు, మిగిలినది తన స్వార్జితమనియు దీని అర్థము కాదు. మిరప పండించువారికి దీనిని వివరించుట సులభము. గుంటూరు దగ్గర లాం పరిశోధనా క్షేత్రమునుండి వచ్చిన ఎల్.సి.ఎ. 334 విత్తనమునే ఇద్దరు రైతులు చల్లిరనుకొనుడు. ఒకని చేనికి సకాలమున నీరు అందెను, ఇంకొకని చేనికి అందలేదు. దిగుబడిలో వచ్చిన తేడా అంతయు నీటిది. విత్తనముల మధ్య తేడాయే లేదు గనుక విత్తనము పాలు సున్న. వేరొక ఊరిలో అందరికిని నీరును, ఎరువును సమానముగా అంది, విత్తనములు మాత్రము పది రకములు వేసిరనుకొనుడు. ఇచ్చట తేడా అంతయు విత్తనముదే. మిరప మొక్క స్వభావము రెండు ఊళ్లలోను ఒకటే. లెక్క మాత్రము సున్నకు నూటికి మారిపోయెను. కావున ఈ శాతము ఒక సమాజమును, ఒక కాలమును గూర్చి చెప్పునదే కాని ఒక మనిషి నొసటి వ్రాత కాదు. కాలువ చివరి భూములకు నీరందని మన పల్లెలకు, అందరికిని వైద్యమును, చదువును అందు స్వీడన్ లెక్క యథాతథముగా వర్తించునని అనుకొనుటకు వీలులేదు.

కుంగుబాటు ఒక్కటే అన్నిటివంటిది కాదని కూడ చెప్పవలెను. కొన్నాళ్లు పొంగుచు, కొన్నాళ్లు కుంగుచు ఉండెడి ద్విధ్రువ వ్యాధిలో వంశము పాలు దీనికంటె చాల ఎక్కువ. ఊరిలో రెంటిని ఒకే పేరుతో పిలుచుటవలన ఒకదాని భయము మరియొకదానికి అంటుకొన్నది.

వంశములో వచ్చు వ్యాధి యనగానే దానికొక జన్యువుండవలెనని తోచును. శాస్త్రజ్ఞులకును అట్లే తోచెను. 2003లో న్యూజిలాండులోని డునెడిన్ పట్టణమున పుట్టిన 847 మందిని పరిశీలించి, సెరొటోనిన్ అను మెదడు రసాయనమునకు సంబంధించిన ఒక జన్యువు పొట్టిరూపము కలవారు కష్టములు వచ్చినప్పుడు ఎక్కువగా కుంగిపోవుచున్నారని ప్రకటించిరి. ఎన్నో పాఠ్యగ్రంథములు దానిని స్వీకరించెను. 2019లో లక్షలమంది సమాచారముతో సరిచూడగా ఆ జన్యువునకు గాని, అట్లే పేరుపొందిన తోటి జన్యువులకు గాని ప్రత్యేకత యేమియు కానరాలేదు. శాస్త్రము తన తప్పు తాను దిద్దుకొనుట అవమానము కాదు. కాని పాత వార్త చేరిన చోట్లకు దిద్దుబాటు చేరదు. 2025లో 29 దేశములకు సంబంధించిన పరిశోధకులు సుమారు 50 లక్షలమంది జన్యుసమాచారమును గాలించి, కుంగుబాటుతో సంబంధము కల 697 తేడాలను గుర్తించిరి. వానిలో ఏ ఒక్కదాని ప్రభావమైనను ఆవగింజంత. వానిలో కొన్నియైనను లేని మనిషి భూమిపై ఉండడు. రక్తపరీక్ష చేసి ఈ పిల్లకు కుంగుబాటు వచ్చును, రాదు అని చెప్పగల పరీక్ష నేటికిని లేదు. థలసీమియా వంటి వ్యాధులలో తలిదండ్రులిద్దరినుండి ఒకే లోపమున్న జన్యువు రావలెను గనుక మేనరికపు పెండ్లిండ్లలో ప్రమాదము హెచ్చు. కుంగుబాటు ఆ జాతి వ్యాధి కాదు.

జన్యువులు ఇంత, పెంపకము ఇంత యని మరింత సూటిగా చూపునవి దత్తత పరిశోధనలు. 2018లో స్వీడన్ జాతీయ రికార్డుల ఆధారముతో, కని పెంచిన తలిదండ్రులను, కని పెంచనివారిని, కనక పెంచినవారిని విడివిడిగా పరిశీలించిరి. తలిదండ్రులకును పిల్లలకును కుంగుబాటు విషయమున కనబడు పోలికలో జన్యువుల పాలును, పెంపకము పాలును దాదాపు సమానమని తేలెను. 2020లో వెలువడినది ఇంకను గట్టిది. కుంగుబాటు మొదలైన వ్యాధులున్న తలిదండ్రులకు పుట్టిన తోబుట్టువులలో ఒకరు ఆ ఇంటనే పెరిగిరి. ఒకరు మంచి ఇంటికి దత్తు వెళ్లిరి. దత్తు వెళ్లినవారిలో కుంగుబాటు 23 శాతము తక్కువగా ఉండెను. పెంచిన ఇంట గూడ ఆ వ్యాధి యున్నచో, లేక మరణమువలనగాని విడాకులవలనగాని ఆ ఇల్లు చెదిరినచో, ఈ మేలు కానరాలేదు. నేల అదే. పునాది తేడా.

మార్టూరు చేలలో ఈ ప్రశ్నకు మరియొక ముఖము కలదు. ఆ ఊరు మొదట గుంటూరు జిల్లాలోనిది. 1970 తరువాత ప్రకాశము జిల్లాలోనిది. 2022 నుండి బాపట్ల జిల్లాలోనిది. జిల్లా పేరు మారినను పత్తి, మిరప, పొగాకు మారలేదు; రహదారి వెంబడి గ్రానైటు పలకలు కోయు కర్మాగారములు మాత్రము క్రొత్తగా వెలసెను. 1987–88 పంటకాలమున గుంటూరు, ప్రకాశము జిల్లాల పత్తిపై తెల్లదోమ విరుచుకొనిపడెను. శనగపచ్చ పురుగు మందులకు లొంగుట మానెను. రైతులు మందుమీద మందు కొట్టిరి. అప్పుమీద అప్పు చేసిరి. మందులమ్మినవాడే అప్పిచ్చినవాడు, అతడే పంట కొనువాడు అయిన చోట్ల రైతునకు ఎటు తిరిగినను అతడే కనబడును. ప్రకాశము జిల్లా పత్తిరైతులు ఒకరి వెనుక ఒకరు ప్రాణములు తీసికొన్న వార్తలు ఆ యేడు రాష్ట్రమును కలచివేసెను. 1997–98లో వరంగల్లు ప్రాంతమున అదే చరిత్ర పునరావృత్తమయ్యెను.

ఒక్క పంటకాలమున పోయిన వారందరును ఒక వంశమువారు కారు. జన్యువులు ఒక్క ఏడాదిలో మారవు. మారినవి దోమ, దిగుబడి, వడ్డీ. ఆత్మహత్య చేసికొన్న ప్రతి రైతునకును కుంగుబాటు వ్యాధి యుండెననుట కూడ సరికాదు. అట్లనినచో అప్పు పాత్ర, మార్కెట్టు పాత్ర తేలికగా మరుగుపడును. అయితే అదే దోమ వాలిన ప్రక్క చేని రైతు, అంతే అప్పున్నవాడు, తట్టుకొని నిలిచెను. అతనికి ఎకరము ఎక్కువ ఉండవచ్చును, బావమరది ఆదుకొనియుండవచ్చును, ప్రక్కన కూర్చుండి మాటాడు భార్య యుండవచ్చును, పుట్టుకతో వచ్చిన స్వభావము గట్టిది కావచ్చును. వీనిలో ఏది యెంతయో ఏ ఒక్క రైతు విషయమునను విడదీసి చూపుట ఎవ్వరికిని సాధ్యము కాదు.

పోయిన రైతు ఇంట మిగిలిన పిల్లలకు వచ్చిన వారసత్వమును గూర్చి ఆలోచింపవలెను. జన్యువులు వచ్చినవి. వానితోబాటు ప్రామిసరీ నోట్లు వచ్చినవి. అమ్మివేసిన రెండెకరముల జ్ఞాపకము వచ్చినది. తెల్లచీరలో మాటాడుట మానిన తల్లి వచ్చినది. "వాళ్ల నాన్న అట్లా పోయాడు" అను ఊరి మాట వచ్చినది. 1987లో పదేండ్ల పిల్లవాడు 2021లో నలుబదినాలుగేండ్ల రైతు. ఆ యేడు గుంటూరు, ప్రకాశము జిల్లాల మిరపతోటలను నల్లతామర పురుగు పట్టెను. పూత నిలువలేదు, కొందరు తోటలు పీకివేసిరి. ఆ యింట ఆ యేడు ఎవరైనను కుంగిపోయియున్నచో, కారణము తండ్రినుండి వచ్చిన రక్తమా, తండ్రినుండి వచ్చిన అప్పా, గాలిలో వచ్చిన పురుగా? "వంశము" అను ఒక్క మాట ఈ మూటిని కలిపి ముడివేయుచున్నది. ముడివేసి, రెండవదానిని, మూడవదానిని కనబడకుండ చేయుచున్నది.

తరతరములుగా వచ్చుచున్నదా యనుటకు దీర్ఘకాలిక పరిశోధన అమెరికాలో మిర్నా వైస్‌మన్ 1982లో ఆరంభించెను. కుంగుబాటు ఉన్నవారి కుటుంబములను, లేనివారి కుటుంబములను మూడు తరముల వరకు గమనించిరి. తాత అవ్వల తరములోను, తలిదండ్రుల తరములోను వ్యాధి యున్న ఇండ్ల పిల్లలకు ప్రమాదము అన్నిటికంటె ఎక్కువయని 2016లో ప్రకటించిరి. ఈ పరిశోధననే ఎక్కువమంది ఉదాహరింతురు. ఆ విదుషియే 2006లో ప్రకటించిన మరియొక పరిశోధన ఉపాధ్యాయులందరును తెలిసికొనదగినది. కుంగుబాటుకు వైద్యము పొందుచున్న 151 మంది తల్లులను, వారి పిల్లలను పరిశీలించిరి. మూడు నెలలలో తల్లి కోలుకొన్న ఇండ్లలో పిల్లల మానసికవ్యాధులు 11 శాతము తగ్గెను. తల్లి కోలుకొనని ఇండ్లలో 8 శాతము పెరిగెను. ఆ పరిశోధకులు మందిచ్చినది తల్లులకే; పిల్లలకు కాదు. మూడు నెలలలో ఎవ్వరి జన్యువులును మారవు. మారినది సాయంకాలము ఇంటికి వచ్చిన పిల్లవానికి తలుపు తీసిన ముఖము. వంశములో ఉన్నదని తల్లికి వైద్యము మాన్పించుట ఎంత తలక్రిందులైన న్యాయమో దీనివలన తెలియును.

నిందకు వ్యాధికంటె వారసత్వము ఎక్కువ. బుచ్చిబాబు "చివరకు మిగిలేది" నవలలో దయానిధిని వెంటాడినది ఏ రోగమును కాదు. తల్లిని గూర్చి లోకులు చెప్పుకొన్న మాట. దానినుండి అతడు ఊరు మారినను తప్పించుకొనలేకపోయెను. మార్టూరులో మోకాళ్ల నొప్పులని చెప్పుకొన్న తల్లికి ఆ భయమే. చట్టము ఆమె అనుకొన్నంత కఠినమైనది కాదు. 1955 నాటి హిందూ వివాహ చట్టము, వైవాహిక జీవితమునకును సంతానమునకును పనికిరానంతటి తీవ్రమైన మానసికవ్యాధినే అభ్యంతరముగా చెప్పుచున్నది. మందు వాడుకొనుచు ఇల్లు చక్కబెట్టుకొనుచున్న మనిషిని గూర్చి కాదు, ఆమె కూతురిని గూర్చి అసలే కాదు. 2018 మే నెలలో అమలులోనికి వచ్చిన మానసికారోగ్య రక్షణ చట్టము ఆత్మహత్యకు యత్నించిన మనిషిని తీవ్రమైన వ్యథలో ఉన్నవానిగా భావించి, శిక్షింపరాదని చెప్పుచున్నది. చట్టము వచ్చి ఇన్నేండ్లైనను అరుగు ప్రక్కన జరుగు విచారణలో మార్పు లేదు.

వైద్యమందనివారే ఎక్కువ. నిమ్హాన్స్ సర్వే ప్రకారము కుంగుబాటు వంటి సామాన్య మానసికవ్యాధులు కలవారిలో నూటికి 85 మందికి చికిత్స లేదు. డబ్బు లేమి, డాక్టరు దూరము కొంత కారణము. చెప్పుకొనుటకు సిగ్గు కొంత కారణము. పశ్చిమగోదావరి జిల్లా పల్లెలలో జరిగిన ఒక ప్రయత్నము ఇచ్చట చెప్పదగినది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వారు ఆశా కార్యకర్తలకు శిక్షణనిచ్చి, చేతికి టాబ్లెట్లు ఇచ్చి, ఇంటింట కుంగుబాటును గుర్తించు ప్రశ్నలు అడిగించిరి. అవసరమైనవారిని ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యునికడకు పంపిరి. సిగ్గు పోగొట్టుటకు ఊళ్లలో ప్రచారము చేసిరి. వైద్యము కొరకు వచ్చినవారి సంఖ్య మునుపటికంటె ఎంతో పెరిగెను. ఊరి మనిషి, తెలిసిన ముఖము, ఇంటికి వచ్చి అడిగినప్పుడు జనము చెప్పుదురు. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వము ఆరంభించిన టెలి మానస్‌కు 14416 సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే మాటాడవచ్చును, రుసుము లేదు.

మార్టూరునుండి గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రికి పోయినవారు అచ్చట మానసికవైద్య విభాగమున కూర్చున్నప్పుడు డాక్టరు గూడ ఆ పాత ప్రశ్ననే అడుగును: "ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లాంటిది వచ్చిందా?" పెండ్లినాటి అలవాటుచే చాలమంది "లేదండీ" అందురు. కాని ఈ ప్రశ్న ఉద్దేశము వేరు. కుటుంబములో పొంగు కుంగుల వ్యాధి యున్నదని తెలిసినచో వైద్యుడు మందు ఎన్నుకొనుటలో జాగ్రత్తపడును, ఏలయన మామూలు కుంగుబాటు మందులు అట్టివారిలో కొందరికి పొంగును తెచ్చును. ఇంటిలో ఎవరైనను ప్రాణము తీసికొనియున్నచో ఎదుటనున్న రోగిని మరింత కనిపెట్టి చూచును. తండ్రికి గాని అక్కకు గాని ఫలానా మందు గుణమిచ్చినదని తెలిసినచో దానినే మొదట వాడి చూచుట వైద్యులలో ఉన్న పద్ధతి. ఆ మందు పేరు కొడుకు చెప్పవలెను. చెప్పవలెనన్నచో, తండ్రి రెండేండ్లు బీరువాలో దాచుకొని మ్రింగిన బిళ్లలు మోకాళ్ల నొప్పులకు కాదని కొడుకునకు ముందు తెలిసియుండవలెను.